మూతలో కిటికీ

ఫెర్మిన్ గ్వాన్లావ్ కొత్త కోతచట్రాన్ని తన శవపేటికల కార్ఖానాలో కాక, ఇంటి వెనక వంటపాకలో తయారుచేయడానికి పూనుకున్నప్పుడు, కార్ఖానాలో చోటు చాలడం లేదని భార్యతో చెప్పాడు. ఆ వారం కార్ఖానాలో చేతిలో ఉన్న శవపేటికలు నాలుగే. తక్కిన నేలంతా ఖాళీ. ఔరింగ్ ఆ మాట విని, అన్నం గిన్నె పక్కకు జరిపి, బల్ల తుడవసాగింది.

“చోటు చాలకేం కాదులే,” అంది తుడుస్తూనే. “కోయా పాసియో కంట పడకూడదని. ఆ ముక్క ఒప్పుకో, బల్ల ఇంకాస్త శుభ్రంగా తుడుస్తాను.”

“అన్నీ నీకే తెలుసు.”

“నాకేం తెలియక్కర్లేదు. ఆయన ఇంటివైపు కిటికీ మూశావుగా. చాలదూ?”

పాసియో ఫెర్మిన్‌కు పెదనాన్న కొడుకు, వరసకు అన్న; అందుకే ‘కోయా’ అని పిలుస్తారు. వెదురు కంచెకు అవతలి ఇల్లే ఆయనది. చనిపోయినవారి ముఖం కనబడేందుకు పేటిక మూతలో గాజు బిగిస్తారు. దానికోసం అండాకారపు కిటికీని కోయడం ఇన్నేళ్లూ ఆయన పనే. పెన్సిలు గీత వెంట విల్లురంపం నడిపి, ఆకురాయితో అంచు సరిచేసి, చివరికి కళ్లు మూసుకుని వేలితో చుట్టూ తడిమి చూసేవాడు. వేలికి ఎక్కడా గరుకు తగలకపోతేనే ఆ మూతను పక్కన పెట్టేవాడు. కిందటి వానాకాలం నుంచి ఆయన చేతులు వణకడం మొదలైంది. అంత్యక్రియల దుకాణం వాళ్లు రెండు మూతలు తిప్పి పంపారు. అంచు అలలు అలలుగా ఉందన్నారు. ఆ సంగతి ఫెర్మిన్ ఆయనతో చెప్పలేదు. “పని పలచబడింది కోయా. కొన్నాళ్లు విశ్రాంతి తీసుకో, కబురు చేస్తాను,” అన్నాడు. పాసియో తన ఉలులను గోనెగుడ్డలో చుట్టుకుని, విల్లురంపాన్ని మాత్రం గోడమేకుకు తగిలించి వెళ్లాడు. కబురు వెళ్లలేదు.

చట్రం పైకి చూడడానికి చిన్నదే. చదరపు ప్లైవుడ్ పలక మీద శిలువ ఆకారంలో ఒకదానికొకటి అడ్డంగా రెండు గాళ్లు. ఒక్కో గాడిలో జారే ఒక్కో దిమ్మె. ఆ రెండు దిమ్మెలకూ మేకులతో తగిలించిన ఒక పొడుగాటి బద్ద, దాని కొసన చెక్క తొలిచే రౌటర్ మిషన్. బద్దను చుట్టూ తిప్పితే ఒక దిమ్మె నిలువుగా, రెండవది అడ్డంగా జారుతూ, రౌటర్‌లో తిరిగే కోతమొన, బిట్, చెక్కలో అండాన్ని గీస్తుంది. ఒకే మేకు బిగిస్తే వచ్చేది వృత్తం. ఎవరో ఫోన్‌లో చూపించిన దృశ్యాన్ని ఫెర్మిన్ రెండుసార్లు చూసి, ఇంతేగదా అనుకున్నాడు.

ఇంతే కాదని చేసేటప్పుడు తెలిసింది. దిమ్మెలు పైకి లేవకుండా ఉండాలంటే గాడి గోడలు లోపలికి వాలి ఉండాలి. దిమ్మెల కోసం పాత మంచపుకోడును చీల్చి చేవ తీశాడు. అవి ఉదయం చక్కగా జారి, మధ్యాహ్నపు ఉక్కకు ఉబ్బి బిగుసుకున్నాయి. చిత్రిక పట్టి సన్నం చేస్తే వదులై, మలుపు తిరిగిన ప్రతిచోటా అంచు మీద చిన్న బొడిపె లేచింది. మళ్లీ కొత్త దిమ్మెలు చేశాడు. ఈసారి చేవను రోజంతా పొయ్యి పక్కన ఎండనిచ్చి, గాళ్లలో ప్రార్థనామందిరం నుంచి తెచ్చిన కొవ్వొత్తుల కొసలు రుద్దాడు. కొలతలోనూ పొరపాటు దొర్లింది. బిట్ మందాన్ని లెక్కలోకి తీసుకోనందువల్ల కిటికీ బిగుతై, గాజు అందులో దిగలేదు. మేకుల మధ్య దూరం మార్చకుండా, రౌటర్‌ను మాత్రం బద్ద మీద కొంచెం అవతలికి జరిపాడు.

నాలుగవ ప్రయత్నంలో కోత ముగిసి, మధ్యముక్క దానంతటదే ఊడి బల్ల మీద పడింది. ఫెర్మిన్ మిషన్ ఆపి, కళ్లు మూసుకుని వేలు చుట్టూ తిప్పాడు. ఎక్కడా ఏమీ తగలలేదు. అతనికి వెంటనే ఎవరినైనా పిలిచి చూపించాలనిపించింది. ఆ అంచు విలువ తెలిసిన మనిషి ఊళ్లో ఒక్కడే. ఆ ఒక్కడి కంట పడకుండానే ఇదంతా జరిగింది. చేతిలోని చెక్కను అతను బోర్లా పెట్టేశాడు.

“తలుపు బాగుచేస్తున్నావా తమ్ముడూ?”

పాక గుమ్మంలో లూమింగ్ నిలబడి ఉంది, ఒక చేతిలో అరటాకు కప్పిన పళ్లెంతో. పాసియో భార్య, ఫెర్మిన్ ‘అత్సీ’ అని పిలిచే వదిన. మూతలకు ఉప్పుకాగితం పట్టే పని ఆమెది. రంపపు పొట్టు పడకుండా ఆ పని చేసే ఆడవాళ్లందరూ కట్టుకున్నట్టే ముక్కు నుంచి మెడ దాకా గుడ్డ కట్టుకునేది. పని లేనప్పుడు కూడా విప్పేది కాదు; నలుగురిలో తినేటప్పుడు గోడవైపు తిరిగి కూర్చునేది. అది ఆమె బిడియమని ఫెర్మిన్ అనుకునేవాడు.

“అవునత్సీ. తలుపే.”

“పొద్దుట్నుంచీ ఆయన అడుగుతున్నాడు, ఆ అరుపేమిటని.” ఆమె చూపు బల్ల కింద పడి ఉన్న చెక్కముక్కల మీదికి వెళ్లింది. అన్నీ అండాలే. “మీ ఇంటి తలుపులు కోడిగుడ్డులా ఉంటాయన్నమాట. ఔరింగ్ ఎలా దూరుతోందో మరి, ఆ ఒళ్లేసుకుని.”

వెనక నుంచి ఔరింగ్, “నా ఒంటి జోలికి రాకు!” అని అరిచింది. లూమింగ్ కళ్లు నవ్వాయి. గుడ్డ కొంచెం కదిలింది.

“అత్సీ,” అన్నాడు ఫెర్మిన్, “కోయాకి నేనే చెబుతాను.”

“చెప్పు. నేను చెప్పన్లే.” పళ్లెం బల్ల మీద పెట్టింది. “నువ్వు చెప్తేనే బావుంటుంది. వేడి చల్లారకముందు తినండి.”

చెబుతానన్నాడే గాని, ఆ మర్నాడూ చెప్పలేదు, ఆ తర్వాతి రోజూ చెప్పలేదు. చట్రాన్ని మాత్రం కార్ఖానాలోకి తెచ్చి, బల్ల మీద పెట్టి గోనెపట్టా కప్పాడు.

*

గురువారం పొద్దున లూమింగ్ బట్టలు ఆరేస్తూ తీగ కింద కూలిపోయింది. ఇరుగుపొరుగు చేరేసరికే ప్రాణం లేదు. ఔరింగ్ పరుగెత్తింది. ఫెర్మిన్ కూడా వెళ్లాడు గాని, ఆడవాళ్లు గది తలుపు మూసివేయడం వల్ల, మగవాళ్లతో వాకిట్లో నిలబడి, ఏమీ తోచక తిరిగి వచ్చాడు.

మధ్యాహ్నం దాటాక పాసియో కార్ఖానాకు వచ్చాడు. శుభ్రమైన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని ఉన్నాడు. చేతిలో ఆమె పొడవు కొలిచిన వెదురుబద్ద, దానికి చుట్టిన ముళ్లు వేసిన దారం. పెట్టె కొలత సరిగ్గా ఉండాలని, లేకపోతే అది అదే ఇంటి నుంచి ఇంకొకరిని పిలుస్తుందని ఆ ఊళ్లో అందరూ నమ్ముతారు; అందుకే బద్దను ఇంటివాళ్లే స్వయంగా తెస్తారు.

“పెట్టె నువ్వు చెయ్యి ఫెర్మిన్. మూత మాత్రం నాకొదిలెయ్.”

“కోయా, ఈ రోజున నువ్వెందుకు… నేను చూసుకుంటాగా.”

“ఆ గోనె కింద ఉన్నదాన్ని కొంచెం పక్కకి జరుపు. బల్ల కావాలి నాకు.”

ఫెర్మిన్ గోనెపట్టా అంచు పట్టుకున్నాడు. ఏదో చెప్పబోయాడు. పాసియో అప్పటికే మేకు నుంచి విల్లురంపం తీసి, దాని తీగ బిగువును వేలితో మీటి చూస్తున్నాడు. ఫెర్మిన్ చట్రాన్ని పట్టాతో సహా ఎత్తి, బిడ్డను దాచినట్టు మూలకు తీసుకుపోయాడు.

పాసియో పలకల్లో తిరిగి, ముడి లేని ఒకదాన్ని ఎంచుకున్నాడు. దారంలోని ముళ్లను దాని మీద పరిచి, ఒక ముడి దగ్గర ఒక చుక్క, ఇంకో ముడి దగ్గర ఇంకో చుక్క పెట్టి, వాటిని కలుపుతూ గీత గీశాడు. కోత మొదలుపెట్టేముందు ఎడమచేత్తో కుడి మణికట్టును గట్టిగా పట్టుకున్నాడు. అయినా రంపం ఊగింది. ఆగాడు. మోకాలు పలకకు ఆనించి, భుజం కదలకుండా, నడుమంతా ఊపుతూ కోయడం మొదలుపెట్టాడు. చెమట చుక్క గీత మీద పడబోతే, ముఖం పక్కకు తిప్పి చొక్కా చేతికి తుడుచుకున్నాడు. ఫెర్మిన్ పక్కపలకలకు చిత్రిక పడుతున్నట్టు నటిస్తూ, నిజానికి రంపం చప్పుడే వింటూ ఉండిపోయాడు. ఆ చప్పుడు ఎక్కడ తడబడుతోందో అతనికి స్పష్టంగా తెలుస్తోంది.

ఎండ వాలేసరికి కిటికీ తెరుచుకుంది. పాసియో ఆకురాయి పట్టాడు, గాజు కోశాడు. కళ్లు మూసుకుని వేలు తిప్పి, కింది కొసన ఎక్కువసేపు ఆగాడు.

“ఇలాగే ఉంచు,” అన్నాడు. “ఉప్పుకాగితం కూడా పట్టొద్దు. నువ్వు పెట్టె పూర్తి చెయ్యి. పొద్దున మనుషుల్ని పంపుతాను.”

“కోయా, ఆ యంత్రం సంగతి…”

“మంచి యంత్రమే. వింటున్నాగా రోజూ,” అని పాసియో రంపాన్ని మళ్లీ మేకుకే తగిలించి వెళ్లిపోయాడు.

*

పెట్టె పూర్తయ్యాక ఫెర్మిన్ మూతను ఎత్తి వెలుతురుకు పట్టి చూశాడు. పైభాగం, నుదురు వచ్చే చోట, బాగానే ఉంది. పక్కల్లో రెండు చోట్ల అంచు లోపలికీ బయటికీ పోయింది. కింది కొస అయితే మరీ అన్యాయం. అండం కొస గుండ్రంగా తిరగవలసిన చోట, ఎవరో అరచేత్తో పైకి నొక్కినట్టు, ఇంచుమించు తిన్నగా తెగిపోయి ఉంది. చెయ్యి అలిసిపోయి, గీత పొడవునా వెళ్లలేక, మనిషి మధ్యలోనే అడ్డదారి తీశాడు. ఫెర్మిన్‌కు అలాగే తోచింది.

రేపు ఊరంతా ఈ కిటికీలోంచి చూస్తుంది. అంత్యక్రియల దుకాణం వాళ్లూ వస్తారు. పాసియోను చూసి జాలిపడతారు. ఆ జాలి ఆయనకు మరణం కన్నా బరువు. కొలత కుదరని పెట్టె ఇంటికి మంచిది కాదన్న మాట కూడా ఉండనే ఉంది. ఇలా ఒకదాని మీద ఒకటిగా కారణాలు పేర్చుకుంటూ ఫెర్మిన్ మూలకు వెళ్లి గోనెపట్టా తీశాడు. ఆ కారణాల అడుగున ఇంకొకటి ఉంది. ఈ కార్ఖానాలో తయారైన మూత తన మూత. దాన్ని మాత్రం అతను పైకి తీయలేదు.

చట్రాన్ని బిగించాలంటే కిటికీ మధ్యలో చెక్క ఉండాలి. అక్కడ ఇప్పుడు ఖాళీయే ఉంది. పాసియో కోసి తీసిన మధ్యముక్కను పొట్టులోంచి వెతికి, దులిపి, దాన్నే మళ్లీ ఆ ఖాళీలో ఇమిడ్చాడు. కింద ఒక పలక వేసి, చుట్టూ సన్నటి చీలలు దిగ్గొట్టి కదలకుండా చేశాడు. దాని మీద చట్రాన్ని బిగించి, పాసియో గీతలోని వంకరలన్నీ కోతలోకి వచ్చేటట్టు, నుదుటివైపు అంచును కదలనీయక, రౌటర్‌ను బద్ద మీద జరిపాడు. మిషన్ అరిచింది. కొవ్వొత్తి మైనం పూసిన గాళ్లలో దిమ్మెలు నీళ్లలో చేపల్లా పోయాయి. ఒక్క చుట్టు. పక్కల నుంచి పొట్టు మాత్రమే రాలింది. కింది కొస నుంచి మాత్రం రెండు వేళ్ల వెడల్పున నెలవంకలాంటి ముక్క ఊడి నేల మీద పడింది. ఫెర్మిన్ దాన్ని పొట్టుతోబాటు చీపురుతో ఊడ్చేశాడు. కొత్త గాజు కోసి బిగించాడు. ఇంత చక్కటి కిటికీ ఆ కార్ఖానా నుంచి ఎన్నడూ బయటికి పోలేదు.

ఔరింగ్ ఆ రాత్రికి లూమింగ్ ఇంట్లోనే ఉండిపోయింది. చూపించడానికి ఎవరూ లేరు.

*

మర్నాడు పొద్దున పెట్టెను పాసియో ఇంటికి మోసుకెళ్లారు. ఆడవాళ్లు లూమింగ్‌ను తెల్లబట్టల్లో సిద్ధం చేసి, చేతుల్లో జపమాల పెట్టారు. ముఖం మీది గుడ్డ తీసివేశారు. ఊరి ఆచారం ప్రకారం చివరిచూపుకు ముఖం కప్పకూడదు. అప్పుడు ఫెర్మిన్ పెట్టె కాళ్లవైపు పట్టుకుని ఉన్నాడు. తలవైపు ఏమీ కనబడలేదు. మూత దించి మరలు బిగించారు. పాసియో దగ్గరికి వచ్చి, గాజు మీదికి వంగాడు.

చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు.

“గాజు కొత్తదా?”

“అవును కోయా. అంచు అక్కడక్కడా… కొంచెం సరిచేశాను.”

పాసియో తలెత్తి అతని ముఖంలోకి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. దారి అడిగితే తప్పు చెప్పిన మనిషిని చూసినట్టు చూశాడు.

“బావుంది,” అన్నాడు. అని, కుడి అరచేతిని గాజు కింది కొస మీద ఆనించి, అక్కడే నిలబడ్డాడు.

మధ్యాహ్నానికి వాకిలి నిండింది. పందిరి కింద బల్లల మీద పేకాట, పుచ్చగింజల పొట్టు, కాఫీ, బిస్కత్తులు. జనం ఒకరొకరే లోపలికి వచ్చి, గాజులోంచి చూసి, శిలువ గుర్తు వేసుకుని వెళుతున్నారు. ఎవరో మేనకోడలు గాజు మీదికి వంగి బావురుమంటే, “కన్నీళ్లు గాజు మీద పడకూడదమ్మా, వెనక్కి రా, ఆవిడ దారి బరువైపోతుంది,” అని పెద్దవాళ్లు ఇవతలికి లాగారు. పాసియో మాత్రం కదలలేదు. ఎవరు వచ్చినా ఆయన చెయ్యి గాజు మీదే ఉంది. ఆ చెయ్యి వణుకుతున్నందువల్ల పెళ్లి ఉంగరం గాజుకు తగిలి, సన్నగా, ఎడతెగకుండా టకటకలాడుతోంది. తినమని పళ్లెం తెస్తే ఎడమచేత్తో తీసుకుని పక్కన పెట్టాడు. కూర్చోమంటే తల అడ్డంగా ఊపాడు. చూసినవాళ్లు ఎంత ప్రేమో అనుకున్నారు. ఫెర్మిన్ కూడా అలాగే అనుకున్నాడు. అంత్యక్రియల దుకాణం మనిషి వచ్చి, “కిటికీ అంటే ఇలా ఉండాలయ్యా,” అని భుజం తట్టినప్పుడు, అతని ఛాతీ కొంచెం విచ్చుకుంది కూడా.

ఔరింగ్ అతన్ని మోచెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయింది.

“ఆ కిటికీ ఎవరు కోశారు?”

“కోయానే. నేను చివర్లో కాస్త…”

“కాస్త?”

“కింద వంకరగా ఉంటే గుండ్రం చేశాను. ఏం?”

బట్టల తీగ మీద లూమింగ్ ఆరేసిన బట్టలు ఇంకా అలాగే ఉన్నాయి. వాటిలో నోటికి కట్టుకునే గుడ్డలు వరసగా.

“నీకు నిజంగా తెలియదా?” అంది ఔరింగ్. “ఇన్నేళ్లు ఒకే కార్ఖానాలో పనిచేశావు, ఆవిడ చేతి వంట తిన్నావు. పెళ్లికి ముందెప్పుడో పాలు కాస్తుంటే పొంగి మీద పడ్డాయి. పెదవి కింద నుంచి గొంతు దాకా చర్మం అంతా ముడుచుకుపోయింది. ఆడవాళ్లందరికీ తెలుసు. ఆ మాట ఎవరం ఎత్తం. ఆవిడకి ఇష్టం ఉండదు.”

ఫెర్మిన్ తీగ మీది గుడ్డలవైపు చూశాడు.

“రాత్రి ఆవిణ్ని కడిగి, బట్టలు కట్టేటప్పుడు,” ఔరింగ్ గొంతు తగ్గించింది, “మేమంతా ఏడ్చాం, రేపు ఊరంతా చూస్తారని. కోయా గుమ్మంలోంచి ఏమన్నాడో తెలుసా? ‘భయపడకండి, మూత నేను కోశాను, పెదవి దాకానే కోశాను’ అన్నాడు.”

పెరటి గోడ మీంచి కోడి దిగి, పుచ్చగింజల పొట్టు ఏరుకుంటోంది. ఫెర్మిన్ దాన్నే చూస్తూ నిలబడ్డాడు. నెలవంకలాంటి ఆ ముక్క చీపురు ముందు దొర్లిపోవడం కళ్లకు కట్టింది. ఇంకొకరు చేసిన పొరపాటైతే మనిషి వాళ్లనైనా తిట్టుకోగలడు. దీనికి తిట్టుకోవడానికి తాను తప్ప ఎవరూ లేరు. పైగా పాసియో ఇలాగే ఉంచమని చెప్పి మరీ వెళ్లాడు.

“అలా నిలబడకు,” అంది ఔరింగ్. “ఆయన పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు.”

లోపలికి వెళ్లేసరికి గదిలో జనం పలచబడ్డారు. ఫెర్మిన్ పెట్టె పక్కకు వెళ్లి నిలబడ్డాడు. ఉంగరం టకటకలాడుతూనే ఉంది. ఆయన వేళ్ల సందుల్లోంచి, గాజు అడుగున, ముడుచుకున్న చర్మపు అంచు కొంచెం కనబడింది. ఫెర్మిన్ చూపు తిప్పుకున్నాడు.

“కోయా. మూత తీసి మళ్లీ… ఒక చెక్క అతికిస్తాను. గంటలో అయిపోతుంది. నేను…”

“ఒకసారి మూసిన మూత తియ్యకూడదు.”

“నాకు తెలియదు కోయా. ఒట్టు.”

“నీకు తెలియకూడదనే కదా ఆవిడ అంత కాలం గుడ్డ కట్టుకుంది.” పాసియో గొంతులో అలసట తప్ప ఏమీ లేదు. “మొన్న నీ వంటపాక నుంచి వచ్చి ఒకటే నవ్వు. ఎందుకో చెప్పమంటే చెప్పలేదు. ఫెర్మిన్ వచ్చి చెప్తాడు, కాచుకో అంది.”

చెప్పవలసిన సమయమంతా చేతిలో ఉండగా జారిపోయింది. ఇప్పుడు చెప్పడానికి ఏం మిగిలింది?

పాసియో గాజు మీది తన చేతివైపు చూసుకున్నాడు.

“ఈ చప్పుడు,” అన్నాడు. “ఆవిడకి చప్పుడు గిట్టదు. ఆపుదామంటే ఆగడం లేదు.” కాస్త ఆగి, “నీ చెయ్యి వణకదుగా. ఇలా పెట్టు,” అన్నాడు.

ఫెర్మిన్ చెయ్యి చాచాడు. పాసియో దాన్ని మణికట్టు దగ్గర పట్టుకుని, గాజు మీదికి దించి, బొటనవేలిని కొంచెం పైకి, చిటికెనవేలిని కొంచెం కిందికి జరిపాడు. పలక మీద గీత పెట్టేటప్పుడు ఎంత శ్రద్ధగా జరిపేవాడో అంత శ్రద్ధగా జరిపాడు. తర్వాత తన చెయ్యి తీసుకున్నాడు. టకటక ఆగిపోయింది. గది ఒక్కసారిగా ఖాళీ అయినట్టనిపించింది. పాసియో గోడవార బల్ల దగ్గరికి వెళ్లి, కూర్చుని, కాఫీ గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నాడు.

గాజు వెచ్చగా ఉంది. చెమటకు అరచెయ్యి జారబోతే ఫెర్మిన్ వేళ్లు బిగించాడు. భుజం తిమ్మిరెక్కింది. చెయ్యి మార్చుకోవడానికి వీల్లేదు.

వీధి చివరి ముసలామె, అందరూ ‘దారా’ అంటే అత్త అని పిలిచే సేపా, కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఆమెకు చూపు మందం. గాజుకు ముక్కు ఆనేంతగా వంగింది.

“ఎంత చక్కటి కిటికీ! పాసియో చెయ్యి పాడైపోయిందని కూశారే ఊళ్లో, వాళ్ల నోళ్లు పడ. ఇంత గుండ్రంగా ఎవడు కోస్తాడింకా?” అంటూ వేలితో అంచు వెంట పోయి, అతని చెయ్యి తగిలి ఆగింది. “నువ్వా ఫెర్మిన్? చెయ్యి తియ్యి నాయనా. పూర్తిగా చూడనీ నా తల్లిని.”

గోడవార కాఫీ గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

“ఇంతవరకే దారా,” అన్నాడు ఫెర్మిన్. “కోయా కోసింది ఇంతవరకే. ఇక్కడి నుంచి కిందిదంతా నేను పాడుచేసింది.”

ముసలామెకు ఏమీ అర్థం కాలేదు. అతని ముఖంవైపు, చేతివైపు మార్చి మార్చి చూసి, చివరికి చేతికి పైన కనబడినంతవరకే, నుదుటి నుంచి పెదవి దాకా, తీరిగ్గా చూసింది.

“నవ్వుతున్నట్టుంది,” అని, శిలువ గుర్తు వేసుకుని, పక్కకు తప్పుకుంది. వెనక నిలబడినవాళ్లు ముందుకు జరిగారు.